రోజూ నడిస్తే ఆయుష్షు నిజంగా పెరుగుతుందా? మా నాన్నగారికి ఏం చెప్పాలి?

నిజాంపేట_చైతన్య

కొన్నాళ్ళుగా మా ఇంట్లో ఒకటే వాదన. నాన్నగారికి 67 ఏళ్ళు. బీపీకి ఒక మాత్ర వేసుకుంటున్నారు, షుగర్ బోర్డర్‌లో ఉంది. డాక్టర్ గారు చూసినప్పుడల్లా "నడవండి సార్" అంటారు. ఈయన తలూపి వస్తారు, వచ్చాక మళ్ళీ టీవీ ముందు కుర్చీయే. గట్టిగా అడిగితే రెండు ఉదాహరణలు చెబుతారు. మా తాతగారు 91 ఏళ్ళు బతికారు, ఏనాడూ వాకింగ్‌కి వెళ్ళలేదు. మా వెనక వీధిలో తెల్లవారుజామునే జాగింగ్ చేసే ఆయన 54కే గుండెపోటుతో పోయారు. "నుదుటన ఎంత రాసుంటే అంత. దానికోసం చెప్పులు అరగదీసుకోవడం ఎందుకురా" అంటారు.

ఆయన మీద గెలవాలని నాకేం లేదు. నిజం ఏమిటో తెలియాలి. వ్యాయామం వల్ల ఆయుష్షు పెరుగుతుందని గట్టిగా చెప్పగలిగే ఆధారం ఉందా? ఉంటే ఎంత పెరుగుతుంది? ఈ వయసులో మొదలుపెడితే ఉపయోగం ఉంటుందా? వాట్సాప్‌లో తిరిగేవి కాకుండా, తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలకొల్లు_సత్యం

చైతన్య బాబూ, మీ తాతగారు వాకింగ్‌కి వెళ్ళకపోవచ్చు. కానీ ఆ తరంవాళ్ళు పొద్దు పొడిచిన దగ్గర్నుంచీ కాళ్ళ మీదే ఉండేవారు. మా నాన్నగారు పశువుల దగ్గర పేడ ఎత్తి, నూతిలో నీళ్ళు తోడి, గట్ల మీద పడి పొలానికి వెళ్ళేవారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి మళ్ళీ వెళ్ళేవారు. ఊడ్పులప్పుడు నారు కట్టలు, కోతలప్పుడు పనలు మోసేవారు. ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ, అది కూడా ఎవరైనా పెద్దమనిషి వస్తే వెయ్యడానికి. మిగిలినవాళ్ళం తిన్నా, చదువుకున్నా, కబుర్లు చెప్పుకున్నా నేల మీదే. కూర్చున్న ప్రతిసారీ తొడల బలంతో లేవాల్సిందే కదా. మీ తాతగారి ఉదాహరణ మీ నాన్నగారి కుర్చీకి పనికిరాదని నా అభిప్రాయం.

లెక్కల_మాస్టారు_గుంటూరు

సత్యం గారు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. 91 ఏళ్ళు బతికిన తాతగారు అందరికీ గుర్తుంటారు. ఆయనతో కలిసి బడికెళ్ళి, 60 దాటకుండానే పోయినవాళ్ళు ఎవరికీ గుర్తుండరు. ఒక్క మనిషిని చూపించి ఏ వాదనైనా నెగ్గించవచ్చు. అందుకే వేలమందిని ఏళ్ళ తరబడి గమనించాలి.

ఈ పని మొదట గట్టిగా చేసినవాడు లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడ గుండెపోట్లు ఎందుకు పెరుగుతున్నాయో ఎవరికీ అంతు పట్టలేదు. ఆయన లండన్ బస్సులు, ట్రాముల్లాంటివాటిలో పనిచేసే 31 వేలమంది మగవాళ్ళ వివరాలు తీశాడు. అక్కడి బస్సులు ఎక్కువగా, ఒకప్పుడు హైదరాబాద్‌లో కూడా తిరిగినలాంటి డబుల్ డెక్కర్లు. డ్రైవర్, కండక్టర్ ఒకే డిపో, ఒకే బస్సు, ఒకే తరహా ఇళ్ళు, జీతాల్లో పెద్ద తేడా లేదు. డ్రైవర్ షిఫ్టంతా కూర్చునే ఉంటాడు. కండక్టర్ టికెట్లు కొడుతూ రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. చూస్తే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉంది, వచ్చినా తక్కువ తీవ్రతతో, ఎక్కువ వయసులో వస్తోంది. మొదటి గుండెపోటుకే ప్రాణం పోవడం డ్రైవర్లలో బాగా ఎక్కువ. 1953లో అచ్చయింది ఈ పరిశోధన. తర్వాత నడిచి, సైకిల్ తొక్కి ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్‌లని, బల్ల దగ్గర కూర్చునే గుమాస్తాలని పోల్చినా ఇదే తేలింది. వ్యాయామానికీ గుండెకీ సంబంధం ఉందన్న మాట అప్పటిదాకా శాస్త్రంగా ఎవరూ రుజువు చెయ్యలేదు. మోరిస్ తను కూడా వ్యాయామం మానలేదు, 2009లో 99 ఏళ్ళ వయసులో పోయాడు. ఇదీ ఒక్క మనిషి ఉదాహరణే కాబట్టి రుజువు కింద లెక్కెయ్యకండి.

ఓరుగల్లు_స్రవంతి

మాస్టారూ, ఇక్కడే నాకో అనుమానం. డ్రైవర్ పనికి వెళ్ళేవాళ్ళు మొదటి నుంచే కొంచెం బొద్దుగా ఉండేవాళ్ళేమో, చురుగ్గా ఉన్నవాళ్ళు కండక్టర్లు అయ్యారేమో. అలాగే మన పార్కుల్లో పొద్దున్నే కనిపించేవాళ్ళెవరు? ఒంట్లో బాగున్నవాళ్ళు, టైమ్ ఉన్నవాళ్ళు, డబ్బుకి లోటు లేనివాళ్ళు, సిగరెట్ తాగనివాళ్ళు. వాళ్ళు ఎక్కువకాలం బతికితే ఆ గొప్ప నడకదా, మిగతావాటిదా? ఆరోగ్యం ఉంది కాబట్టి నడుస్తున్నారా, నడుస్తున్నారు కాబట్టి ఆరోగ్యంగా ఉన్నారా?

లెక్కల_మాస్టారు_గుంటూరు

స్రవంతి గారూ, అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే. మోరిస్‌కి కూడా వచ్చింది ఈ అనుమానం. బస్సు కంపెనీ కుట్టించిన యూనిఫామ్ కొలతలు తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుము చుట్టుకొలత ఉద్యోగంలో చేరినప్పటి నుంచే ఎక్కువ. ఆ సంగతి 1956లో తనే అచ్చు వేయించాడు. కాబట్టి తేడా మొత్తాన్నీ మెట్ల ఖాతాలో రాయకూడదు.

తర్వాత వచ్చిన పెద్ద పరిశోధనల్లో సిగరెట్, బరువు, చదువు, పాత జబ్బులు అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. తైవాన్‌లో 4 లక్షల 16 వేలమందిని గమనించి 2011లో ప్రచురించిన దాంట్లో, రోజుకి 15 నిమిషాలు చురుగ్గా కదిలినవాళ్ళలో అసలు ఏమీ చెయ్యనివాళ్ళకన్నా మరణాలు 14 శాతం తక్కువ, ఆయుర్దాయం సుమారు 3 ఏళ్ళు ఎక్కువ. అయినా స్రవంతి గారి ప్రశ్న పూర్తిగా తీరదు, ఎందుకంటే ఇదీ గమనించడమే. ఫిన్లాండ్‌లో అచ్చం ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరు చురుగ్గా, ఒకరు బద్ధకంగా ఉన్న జంటల్ని చూస్తే ఆయుష్షులో తేడా బాగా తగ్గిపోయింది. పుట్టుకతో వచ్చే తత్వానికి ఇందులో పెద్ద వాటానే ఉందన్నమాట.

గట్టి రుజువు కావాలంటే చీటీలు వేసినట్టు మనుషుల్ని రెండు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపు చేత వ్యాయామం చేయించి ఏళ్ళ తరబడి చూడాలి. నార్వేలో ట్రాండ్‌హైమ్ అనే ఊళ్ళో 70 నుంచి 77 ఏళ్ళ వాళ్ళు 1,567 మందితో అయిదేళ్ళు చేశారు. ఆయాసం వచ్చేలా వ్యాయామం చేసిన గుంపులో 3 శాతం చనిపోయారు, ఓ మోస్తరుగా చేసిన గుంపులో 5.9, మామూలు సలహా మాత్రమే ఇచ్చిన గుంపులో 4.7. లెక్కల ప్రకారం ఈ తేడాలు తేల్చి చెప్పేంతవి కావు. చిక్కేమిటంటే సలహా ఇచ్చిన గుంపువాళ్ళూ ఊరుకోలేదు, వాళ్ళూ బాగానే కదిలారు. పక్కవాళ్ళు చేస్తుంటే ఎవరు కూర్చుంటారు చెప్పండి.

అందుకే నేను "వ్యాయామం చేస్తే పదేళ్ళు ఎక్కువ బతుకుతారు" అనే మాట ఎక్కడ కనిపించినా నమ్మను.

కర్నూలు_ఫిజీషియన్

మాస్టారు లెక్కలు సరిగ్గా చెప్పారు. వైద్యుడిగా ఒక రెండు కలపాలి, లేకపోతే చదివినవాళ్ళు "ఏమీ తేలలేదట" అనుకుని టీవీ పెట్టుకుంటారు.

చీటీ వేసి విడగొట్టిన పరిశోధనల్లో ఆయుష్షు పెరిగిందని తేలినవీ ఉన్నాయి. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిన 889 మందిలో ఒక గుంపు చేత మూడేళ్ళపాటు కోచ్ పర్యవేక్షణలో వ్యాయామం చేయించారు. ఇంకో గుంపుకి పుస్తకాలు ఇచ్చి సలహా చెప్పారు. ఎనిమిదేళ్ళ తర్వాత వ్యాయామం గుంపులో 90.3 శాతం బతికి ఉన్నారు, రెండో గుంపులో 83.2. 2025లో వచ్చింది ఈ ఫలితం. ఒక ఖరీదైన మందుకి ఇలాంటి ఫలితం వస్తే దేశమంతా మాట్లాడుకునేవాళ్ళు.

రెండోది చైతన్య గారి నాన్నగారికి నేరుగా సంబంధించింది. చైనాలో డాచింగ్ అనే ఊళ్ళో 1986లో, షుగర్ వచ్చే దశలో ఉన్నవాళ్ళని తీసుకుని ఆరేళ్ళు ఆహారం మార్పించారు, వ్యాయామం చేయించారు. 30 ఏళ్ళ తర్వాత చూస్తే వాళ్ళకి షుగర్ రావడం సుమారు నాలుగేళ్ళు వెనక్కి జరిగింది. ఆయుర్దాయం 1.44 సంవత్సరాలు పెరిగింది. ఇందులో తిండి పాత్రా ఉంది, నడక ఒక్కదానిదే కాదు.

మన దగ్గర కూడా జరిగింది. చెన్నైలో 531 మంది బోర్డర్ షుగర్ వాళ్ళ మీద చేసి 2006లో ప్రచురించారు. ఏమీ చెయ్యని గుంపులో మూడేళ్ళలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. నడక, తిండి మార్చుకున్న గుంపులో 39.3 శాతం. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా దాదాపు ఇంతే తగ్గించింది. రెండూ కలిపినా అదనంగా ఏమీ రాలేదు. అంటే ఆ దశలో నడక ఒక మాత్రతో సమానంగా పనిచేసింది. భారతీయుల మీద, మన తిండి తినేవాళ్ళ మీద వచ్చిన ఫలితం కాబట్టి నాకు ఇదంటే చాలా గౌరవం.

ఎందుకు పనిచేస్తుందో కూడా చెబుతాను. తిన్న అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వచ్చాక అది ఎక్కువగా చేరాల్సింది కండల్లోకే. కదలని కండ ఇన్సులిన్ మాట వినదు. కదిలే కండ ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ని లోపలికి లాక్కుంటుంది. ఆ ప్రభావం నడక ఆపాక కూడా కొన్ని గంటలు ఉంటుంది. అందుకే రాత్రి భోజనం చేసిన వెంటనే సోఫాలో వాలిపోకుండా 10, 15 నిమిషాలు నడవమని నేను ప్రతి పేషెంట్‌కీ బతిమాలి చెబుతాను.

డల్లాస్_రమణ

మా ఊళ్ళో జరిగిన ఒక పరిశోధన ఇక్కడ చెప్పాలి. 1966లో డల్లాస్ మెడికల్ స్కూల్లో 20 ఏళ్ళ ఆరోగ్యవంతులైన అయిదుగురు కుర్రాళ్ళని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. వాళ్ళ శరీరం ఆక్సిజన్ వాడుకునే శక్తి పావు వంతుకు పైగా పడిపోయింది. సరిగ్గా 30 ఏళ్ళ తర్వాత అదే అయిదుగురిని 50 ఏళ్ళ వయసులో మళ్ళీ పిలిచి పరీక్ష చేశారు. ముప్ఫై ఏళ్ళు వయసు పెరగడం చేసిన నష్టంకన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువ. ఆ తర్వాత ఆరు నెలలు నిదానంగా వ్యాయామం చేయిస్తే ముప్ఫై ఏళ్ళలో పోయిన శక్తి తిరిగి వచ్చింది. ఉన్నది అయిదుగురే కాబట్టి దీన్ని పట్టుకుని శాతాలు చెప్పలేం. కానీ వయసైపోయిందని మనం అనుకునేదాంట్లో ఎంత భాగం నిజంగా వయసుదో, ఎంత భాగం కుర్చీదో ఆలోచించాల్సి వస్తుంది.

ఇక్కడికి ఆరు నెలలకి వచ్చే మన అమ్మానాన్నల్ని చూస్తుంటే నాకు దిగులేస్తుంది. ఊళ్ళో కూరగాయలకి, గుడికి, పాలకి కనీసం నాలుగడుగులు వేసేవారు. ఇక్కడ కారు లేనిదే గడప దాటరు. వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ అడుగుతారు.

ఫిజియో_ఎంవీపీ_కాలనీ

విశాఖలో ఫిజియోథెరపిస్ట్‌ని. ఎక్కువగా అరవై దాటినవాళ్ళే వస్తారు నా దగ్గరికి. చర్చ అంతా ఎన్నేళ్ళు బతుకుతాం అన్నదాని మీదే నడుస్తోంది. నేను రోజూ చూసేది వేరే. మనుషులు బతికే ఉంటారు, లేవలేరు.

ఇంట్లో ఇప్పుడే చూసుకోండి. చేతులు లేని మామూలు డైనింగ్ కుర్చీని గోడకి ఆనించి పెట్టండి. మీ నాన్నగారిని రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని కూర్చోమనండి. అలాగే లేచి నిలబడమనండి, మళ్ళీ కూర్చోమనండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ముందుకి వంగుతారు, ఒకసారి ఊగుతారు, చెయ్యి తొడ మీద వేసి నొక్కుతారు, అప్పుడు గానీ లేవరు. కొందరు కూర్చునేటప్పుడు చివరి అరడుగూ పట్టు తప్పి ధబ్బున పడతారు. ఆ తొడ కండే బాత్రూమ్‌లో కాలు జారినప్పుడు పడిపోకుండా ఆపాల్సింది. అది ఆపలేకపోతే తుంటి ఎముక విరుగుతుంది. ఆపరేషన్ బాగానే అవుతుంది, కానీ మంచాన పడ్డ ఆ కొన్ని వారాల్లో ఉన్న కాస్త కండా కరిగిపోతుంది. రమణ గారు చెప్పిన 20 ఏళ్ళ కుర్రాళ్ళకే అలా అయితే 72 ఏళ్ళ ఆవిడ సంగతి ఏమిటి? కండ గాదెలో ధాన్యం లాంటిది. జ్వరం, ఆపరేషన్, ఆసుపత్రి లాంటి కరువు రోజులు వచ్చినప్పుడు అందులోంచే తీసుకోవాలి.

ఈ విషయంలో రుజువులు ఆయుష్షు రుజువులకన్నా గట్టివి. అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ళ వాళ్ళు 1,635 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపు చేత రెండున్నరేళ్ళకు పైగా నడక, కాళ్ళ బలం, బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించారు. రెండో గుంపుకి ఆరోగ్యం మీద క్లాసులు చెప్పారు. సాయం లేకుండా 400 మీటర్లు నడవలేని స్థితికి రెండో గుంపులో 35.5 శాతం చేరితే, వ్యాయామం గుంపులో 30.1 శాతం చేరారు. 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉన్న 86 నుంచి 96 ఏళ్ళ పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్ళకి బరువులు కట్టి చేయించారు. తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళకే పెరిగితే 67కి పెరగదా?

కాబట్టి నడక మంచిదే, కానీ నడక ఒక్కటే చాలదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి అందరూ నడవమనే చెబుతారు, బలం గురించి ఒక్కరూ చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి పనితోపాటు కనీసం రెండు రోజులు కండల బలానికి వ్యాయామం అని స్పష్టంగా ఉంది. 65 దాటినవాళ్ళకి వారానికి మూడు రోజులు బ్యాలెన్స్ కోసం కూడా చెయ్యమని ఉంది. ఆ రెండో సగం మన దగ్గరికి చేరనే లేదు.

పాలకొల్లు_సత్యం

అమ్మా, నేల మీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవగలిగితే ఆయుష్షు ఎక్కువ అని ఎక్కడో విన్నాను. నిజమేనా?

ఫిజియో_ఎంవీపీ_కాలనీ

నిజంగా పరిశోధన ఉందండీ. బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు 2,002 మందిని నేల మీద కూర్చుని లేవమన్నారు. చెయ్యి, మోకాలు, ఏది ఆనించినా ఒక మార్కు తీసేశారు. పదికి మూడు లేక అంతకన్నా తక్కువ వచ్చినవాళ్ళలో తర్వాతి ఏళ్ళలో మరణాలు, ఎనిమిది, ఆపైన వచ్చినవాళ్ళతో పోలిస్తే అయిదారు రెట్లు. అంతమాత్రాన కూర్చుని లేవడం ప్రాక్టీస్ చేస్తే చావు ఆగుతుందని కాదు. ఒంట్లో బలం, బ్యాలెన్స్, కీళ్ళ వంపు ఎంత మిగిలాయో అది చూపిస్తుంది, అంతే. మీ తరంవాళ్ళు నేల అలవాటు మానకపోవడం మంచిదే. మోకాళ్ళు అరిగినవాళ్ళు మాత్రం దీన్ని ఇంట్లో పందెంలాగా ప్రయత్నించవద్దు.

తెనాలి_లక్ష్మి

నా ప్రశ్నకి కూడా ఎవరైనా జవాబు చెప్పండి. పొద్దున అయిదింటికి లేచి వాకిలి ఊడ్చి ముగ్గు వెయ్యడం దగ్గర్నుంచి రాత్రి గిన్నెలు సర్దేదాకా నేను కూర్చునేది తక్కువ. అయినా డాక్టర్ దగ్గరికి వెళ్తే "ఎక్సర్‌సైజ్ చేస్తున్నారా?" అని అడుగుతారు. ఇదంతా లెక్కలోకి రాదా? సాయంత్రం నడుద్దామంటే మా వీధిలో లైట్లు లేవు, కుక్కలు, పైగా ఒంటరిగా తిరుగుతోందేమిటని చూసే చూపులు. మగవాళ్ళకి చెప్పినంత తేలిగ్గా మాకు చెప్పకండి.

కర్నూలు_ఫిజీషియన్

లక్ష్మి గారూ, లెక్కలోకి వస్తుంది. మన దేశంతో కలిపి 17 దేశాల్లో లక్షా 30 వేలమందిని గమనించి 2017లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ఇంటిపని, పనికి నడిచి వెళ్ళడం, ఉద్యోగంలో శ్రమ అన్నీ కలిపే కొలిచారు. ఏ రూపంలోనైనా వారానికి 150 నిమిషాలకు పైగా కదిలినవాళ్ళలో మరణాలు 28 శాతం తక్కువ. బట్టలు ఉతకడం, నీళ్ళ బకెట్లు మొయ్యడం, గచ్చు తోమడం లాంటివి గుండె వేగం పెంచుతాయి, అవి వ్యాయామమే. పొయ్యి దగ్గర నిలబడి ఉండటం, కూరలు తరగడం మాత్రం ఒంటిని అలిసిపోయేలా చేస్తాయి గానీ గుండెకి పని చెప్పవు.

మీరు చెప్పిన వీధి సంగతి చాలా ముఖ్యం. 2022 నాటి లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగంమంది చాలినంత కదలడం లేదు. మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. ఆడవాళ్ళకి బద్ధకం ఎక్కువై కాదు ఇది. వీధి దీపం, ఫుట్‌పాత్, చేతికి కాస్త ఖాళీ సమయం, ఇవి లేక. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళకి డాబా మీద నడవమనో, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళమనో చెబుతాను. అది సమస్యకి పరిష్కారం కాదని నాకూ తెలుసు.

ఎనుమాముల_కొడుకు

డాక్టర్ గారు, శ్రమ అంతా వ్యాయామమే అంటే నేను ఒప్పుకోలేను. మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. చిన్నప్పటి నుంచి చూస్తున్న, సీజన్‌లో పొద్దంతా మిర్చి బస్తాలు, పత్తి బస్తాలు మోసుడే. ఘాటుకు దగ్గుకుంట, చెమటకు తడుచుకుంట మోసేటోడు. కష్టపడితే నూరేళ్ళు బతుకుతరంటే మా వాడకట్టులో అందరూ బతకాలి. మా బాపుకు యాభై దాటకముందే నడుం పోయింది, మోకాళ్ళు పోయినై, బీపీ వచ్చింది. దీనికి మీ లెక్కలు ఏమంటయి?

లెక్కల_మాస్టారు_గుంటూరు

తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజం. పరిశోధకులు కూడా దీన్ని గుర్తించారు. 2018లో, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు కలిపి లక్షా 93 వేలమంది లెక్కలు చూస్తే, ఉద్యోగంలో బాగా శ్రమపడే మగవాళ్ళలో ముందుగా చనిపోయే ప్రమాదం, తక్కువ శ్రమపడేవాళ్ళకన్నా 18 శాతం ఎక్కువ ఉంది. తీరిక వేళ చేసే వ్యాయామం ఆయుష్షు పెంచినట్టు కనిపిస్తుంటే పనిలో శ్రమ దాన్ని తగ్గించినట్టు కనిపిస్తోంది. అందులో పేదరికం పాత్ర ఎంతో, సిగరెట్, తిండి పాత్ర ఎంతో ఇంకా వాదనలు నడుస్తున్నాయి. డాక్టర్ గారు చెప్పిన 17 దేశాల అధ్యయనంలో పనిలో కదలిక కూడా మేలే చేసింది. రెండూ ఒకదానికొకటి పూర్తిగా సరిపడవు.

కారణాలు మాత్రం అర్థమవుతున్నవే. వ్యాయామం అరగంటో గంటో చేసి ఆపుతాం, గుండె వేగం పెరిగి దిగుతుంది, రాత్రి నిద్రలో కండ కోలుకుంటుంది. బస్తాల పనిలో ఎనిమిది, పది గంటలు బీపీ ఎత్తులోనే ఉంటుంది. అలసినప్పుడు ఆపే హక్కు లేదు, మర్నాడు మళ్ళీ అదే. దుమ్ము, ఎండ వేరే. మీ బాపు లాంటివాళ్ళకి కావాల్సింది వ్యాయామం సలహా కాదు. బస్తా బరువు తగ్గాలి, ట్రాలీలు రావాలి, మధ్యలో విశ్రాంతి ఉండాలి, పింఛను ఉండాలి. ఆరోగ్యం గురించి రాసే ప్రతివాడూ ఈ తేడా చెప్పి తీరాలి.

ఎనుమాముల_కొడుకు

మంచిది సార్. గిట్ల ఎవరూ చెప్పలేదు. బాపుకు చూపిస్త.

ఓరుగల్లు_స్రవంతి

మరి 10 వేల అడుగుల సంగతి? మా ఆఫీసులో అందరూ రాత్రి 11 గంటలకి వాచీ చూసుకుని హాల్లో తిరుగుతున్నారు.

డల్లాస్_రమణ

ఆ అంకె డాక్టర్లు ఇచ్చింది కాదు స్రవంతి గారూ. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటర్ అమ్మడానికి ఆ అంకెనే పేరుగా పెట్టింది. అది అలా నిలిచిపోయింది. అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న దాదాపు 17 వేలమంది ఆడవాళ్ళకి మీటర్లు కట్టి చూస్తే, రోజుకి 4,400 అడుగులు వేసేవాళ్ళలో మరణాలు 2,700 వేసేవాళ్ళకన్నా 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. ఏమీ చెయ్యనివాళ్ళు కాస్త మొదలుపెడితే వచ్చే లాభమే అన్నిటికన్నా పెద్దదని నాకు దీన్నిబట్టి అర్థమైంది. చైతన్య గారి నాన్నగారికి ఇది పనికొచ్చే మాట.

నిజాంపేట_చైతన్య

ఇక్కడి మాటలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. తాతగారి గురించి సత్యం గారు రాసింది విని "అది కరక్టే" అన్నారు. కుర్చీ లోంచి చేతులు కట్టుకుని లేవడం రెండోసారికే కష్టమైంది. అది ఆయన్ని బాగా కదిలించింది. ఇప్పుడు ఆయన ప్రశ్నలు రెండు. జాగింగ్ చేసే ఆయన ఎందుకు పోయారు? మోకాళ్ళ నొప్పి ఉంది కదా, నడిస్తే ఇంకా అరగవా?

కర్నూలు_ఫిజీషియన్

జాగింగ్ చేసే ఆయనకి ఏం జరిగిందో చూడకుండా చెప్పలేను. రక్తనాళాల్లో కొవ్వు, సిగరెట్, వంశంలో గుండెజబ్బు, వీటివల్ల వచ్చే ప్రమాదం వ్యాయామంతో తగ్గుతుంది గానీ మాయం కాదు. ఒళ్ళు వంచి గట్టిగా శ్రమ చేసిన గంటలోపు గుండెపోటు వచ్చే అవకాశం పెరుగుతుందన్నదీ నిజమే. 1993లో అమెరికాలో చూసిన లెక్క ఇది: వారానికి ఒక్కసారి కూడా గట్టిగా శ్రమ చెయ్యనివాళ్ళు ఒక్కసారిగా చేస్తే ఆ గంటలో ప్రమాదం 107 రెట్లు, వారానికి అయిదు లేక అంతకన్నా ఎక్కువసార్లు అలవాటున్నవాళ్ళకి 2.4 రెట్లు మాత్రమే. మామూలుగా ఆ ఒక్క గంట ప్రమాదం చాలా చిన్నది కాబట్టి 107 చూసి భయపడొద్దు. ఏళ్ళ తరబడి కూర్చుని, ఒకరోజు ఆవేశంగా జిమ్‌కి వెళ్ళి బరువులెత్తడమే ప్రమాదం. సార్ నిదానంగా మొదలుపెడితే ఈ భయం అక్కర్లేదు.

ఫిజియో_ఎంవీపీ_కాలనీ

మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి వ్యాయామమే మొదటి వైద్యం చైతన్య గారూ. మోకీలు మీద పడే భారాన్ని మొయ్యాల్సింది తొడ ముందు కండ. అది బలహీనపడే కొద్దీ కీలు మీద భారం పెరుగుతుంది. నొప్పి అని కూర్చుంటే కండ ఇంకా తగ్గుతుంది, దాంతో నొప్పి పెరుగుతుంది.

ఇలా మొదలుపెట్టండి. కుర్చీ మీద దళసరి దిండు వేసి ఎత్తు పెంచండి. ఆ ఎత్తు నుంచి చేతులు కట్టుకుని లేవడం తేలికవుతుంది. ఒక విడతకి ఎన్నిసార్లు సరిగ్గా లేవగలిగితే అన్నిసార్లు, కాస్త విశ్రాంతి తీసుకుని ఇంకో విడత. ధబ్బున కూలబడకుండా నెమ్మదిగా దిగడం ముఖ్యం, బలం దిగేటప్పుడే ఎక్కువ వస్తుంది. తేలికయ్యాక పల్చటి దిండు, తర్వాత దిండు లేకుండా. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, అలాగే పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. పక్కన ఎవరైనా ఉండాలి. రోజు విడిచి రోజు చేస్తే చాలు. చేసినప్పుడు కాస్త నొప్పి ఉండి మర్నాటికి తగ్గిపోతే కంగారు పడొద్దు. మోకాలు వాచినా, నొప్పి మర్నాటికీ అలాగే ఉన్నా తగ్గించండి. పప్పు, గుడ్డు, పెరుగు, ఏది తింటే అది, పూటపూటా ఉండేలా చూడండి. కండకి సరుకు కావాలి కదా.

నడక నిజాంపేట రోడ్డు మీద వద్దు. సెల్లార్‌లోనో డాబా మీదో సమంగా ఉన్నచోట, హవాయి చెప్పులతో కాకుండా మడమ పట్టే షూతో నడవమనండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు.

నిజాంపేట_చైతన్య

ఆయన చివరికి అడిగింది ఒకటే: "ఇదంతా చేస్తే నాకు ఎన్నేళ్ళు కలిసొస్తాయో ఆ మాస్టారుని చెప్పమను."

లెక్కల_మాస్టారు_గుంటూరు

సార్, మీ ఒక్కరి గురించి ఎవరూ చెప్పలేరు. మీలాంటివాళ్ళు వెయ్యిమంది అయితే సగటున ఒకటి నుంచి మూడేళ్ళు అనుకోవచ్చని ఇంతవరకూ వచ్చిన లెక్కలు చూస్తే నాకనిపిస్తోంది. అందులోనూ ఎంత భాగం వ్యాయామానిదో తేలాల్సి ఉంది. షుగర్ రాకుండా వెనక్కి జరగడం, ఎనభైలలో ఎవరి సాయం లేకుండా బాత్రూమ్‌కి వెళ్ళి రాగలగడం, ఈ రెండింటికీ ఆధారాలు అంతకన్నా గట్టిగా ఉన్నాయి. నేనైతే ఆ రెండింటి కోసమే చేస్తాను.

నిజాంపేట_చైతన్య

"సరే, దిండు తీసుకురా" అన్నారు. అందరికీ ధన్యవాదాలు. మా అమ్మకి 62. షుగర్‌కి గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటుంది. ఆవిడా చేస్తానంటోంది. ఇవే చేయించవచ్చా?

కర్నూలు_ఫిజీషియన్

చేయించండి. గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్ళకి నడిచేటప్పుడు షుగర్ పడిపోయే అవకాశం ఉంది, కాబట్టి పొద్దున్నే పరగడుపున వద్దు, ఏదైనా తిన్నాక నడవమనండి. జేబులో నాలుగు చక్కెర బిళ్ళలో గ్లూకోజ్ పొట్లమో ఉండాలి. వణుకు, చెమట, కళ్ళు తిరగడం వస్తే వెంటనే ఆపి నోట్లో వేసుకోవాలి. అలవాటయ్యే కొద్దీ షుగర్ తగ్గుతుంది, అప్పుడు మాత్ర డోసు తగ్గించాల్సి రావచ్చు. అది మీ డాక్టర్ గారు చెయ్యాలి, మీరు ఆపెయ్యకండి. పాదాలకి తిమ్మిరి ఉంటే రోజూ రాత్రి అరికాళ్ళు చూడాలి, పుండు పడినా నొప్పి తెలియదు. ఇద్దరిలో ఎవరికైనా నడిచేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపించినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, ఎప్పుడూ లేనంత ఆయాసం వచ్చినా ఆపి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కూర్చున్నా తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యండి.